తగిలింది... తగిలించాను

మొన్న ఆదివారం మధ్యాహ్నం విజయనగరం నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. అప్పుడు నేను పెరట్లో నీడన పీట వేసుకుని చింతపండు కొట్టుకుంటున్నాను. చేతులు జిగటగా ఉన్నాయని ఫోన్ స్పీకర్లో పెట్టి గట్టు మీద ఉంచాను.

“నిన్న వాడికి రెండు పీకీసేనే అక్కా. అప్పట్నించీ నాతో మాటల్లేవు” అంది.

నేను నవ్వాను. “ఏం చేశాడే మళ్లీ?” అన్నాను.

పక్కన కూర్చుని చింతపిక్కలు ఏరి సీసాలో వేసుకుంటున్న మా చిన్నోడు తలెత్తాడు. “అమ్మా, పిన్ని తమ్ముడికి ఏం పీకింది? పళ్లా?” అని అడిగాడు.

నవ్వించాలని అడగలేదు వాడు. నిజంగానే తెలియలేదు. తొమ్మిదేళ్ల పిల్లాడు, పుట్టిందీ పెరిగిందీ ఇక్కడ గీదంలోనే. బడిలో హిందీ, వీధిలో హల్బీ, ఇంట్లో నా తెలుగు. మన ఊళ్లలో పిల్లలకు తెలుగు వందమంది నోళ్లలోంచి వస్తుంది. వీడికి వచ్చేది దాదాపు నా ఒక్కదాని నోట్లోంచే. పీకడమంటే వాడు చూసినవి రెండే, పెరట్లో కలుపు పీకడం, కదిలే పన్ను పీకడం.

“కొట్టిందిరా నాన్నా” అన్నాను.

ఆ మాటకి ఫోన్లో చెల్లెలు గొంతు ఆగిపోయింది. నా నవ్వు కూడా ఎటు పోయిందో పోయింది. “రెండు పీకేను” అన్నప్పుడు అక్కాచెల్లెళ్లం కలిసి నవ్వుకున్న సంగతే అది. “కొట్టింది” అనేసరికి దాన్ని చూసి నవ్వడానికి నోరు రాలేదు. జరిగింది మాత్రం ఒక్కటే. ఎనిమిదేళ్ల పిల్లాడి చెంప మీద వాళ్లమ్మ చెయ్యి పడింది.

అప్పట్నుంచీ ఈ సంగతి నన్ను వదలడం లేదు. మీతో చెప్పుకుంటే గానీ మనసు కుదుటపడేలా లేదు.

గీదం ఎక్కడుందో మీలో చాలామందికి తెలియకపోవచ్చు. ఛత్తీస్‌గఢ్‌లో, దంతెవాడ జిల్లాలో. జగదల్‌పూర్ నుంచి వచ్చే రోడ్డు మా ఊళ్లో రెండుగా చీలుతుంది. ఒకటి దంతేశ్వరి అమ్మవారి గుడి మీదుగా బైలాడిల్లా ఇనుప గనులకు పోతుంది. రెండోది బీజాపూర్, భూపాలపట్నం దాటి తెలంగాణలోకి దిగుతుంది. విశాఖ నుంచి కిరండూల్ పోయే రైలూ ఇటుగానే వెళుతుంది. 1960ల్లో ఇనుప ఖనిజం కోసం కొత్తవలస నుంచి వేసిన లైను అది. మా పుట్టింటి వాళ్లు అరకు కొండలు దాటి నన్ను చూడ్డానికి వచ్చేది ఆ రైల్లోనే. అలా రైలెక్కి ఉత్తరాంధ్ర తెలుగు, రోడ్డెక్కి మంచిర్యాల, కరీంనగర్ తెలుగు వచ్చి మా వీధిలో పక్కపక్కన కాపురం పెట్టాయి. మనం రాకముందు ఇక్కడ తెలుగు లేదనుకోకండి. మాకు దగ్గర్లోని బారసూరులో 11వ శతాబ్దపు తెలుగు శాసనం దొరికింది. ఓరుగల్లు పడిపోయాక కాకతీయుల అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం కట్టాడన్న కథ ఇక్కడ నోటినోటా ఉంటుంది.

కాపురానికి వచ్చిన కొత్తలో జరిగింది చెబుతాను. మా పక్కింటావిడది చెన్నూరు వైపు. ఒకరినొకరం వదినా అనుకుంటాం. ఒకరోజు పొద్దున్నే వచ్చి “రాత్రి మా ఆయనతోని మస్తు కొట్లాడిన వదినా” అంది. నేను హడలిపోయి, ఎక్కడైనా కమిలిందేమోనని ఆవిడ చేతులూ మొహమూ చూశాను. ఆవిడ చెబుతున్నది మాటామాటా అనుకోవడం గురించి. వాళ్ల వైపు కొట్లాట అంటే పోట్లాట. తెలంగాణ రాష్ట్రం కోసం కొట్లాడినం అనీ అంటారు. మా వైపు దాన్నే దెబ్బలాడటం అంటాం. “మా ఆడపడుచు నాతో దెబ్బలాడింది” అని నేను చెప్పిన రోజున హడలిపోవడం ఆవిడ వంతయింది.

ఇప్పుడు తల్చుకుంటే అనిపిస్తుంది. ఒక్క దెబ్బ కూడా పడని చోట ఇద్దరం కొట్టడమూ దెబ్బా అన్న మాటలు ధారాళంగా వాడేసుకున్నాం. నిజంగా దెబ్బ పడిన చోట మాత్రం ఆ రెండూ వదిలేసి ఇంకేవేవో వెతుక్కుంటాం.

ఆ ఇంకేవేవో ఏమిటో ఆదివారం సాయంత్రం తేలింది. చిన్నోడు వదల్లేదు. “కొట్టడానికి ఇంకా ఏమేం మాటలున్నాయమ్మా?” అని నోటుపుస్తకం తెచ్చుకుని కూర్చున్నాడు. నేను చెబుతుంటే రాసుకుంటూ, ఒక్కో మాటకీ తనకు తెలిసింది చెబుతున్నాడు. ‘ఒకటిచ్చింది’ అన్నాను. ఎవరైనా ఏదైనా ఇస్తే థాంక్స్ చెప్పమంటావు కదా అన్నాడు. ‘తగిలించింది’ అన్నాను. నాన్న చొక్కా మేకుకి తగిలిస్తాడు అన్నాడు. ‘వాయించింది’ అంటే డోలు. ‘ఉతికింది’ అంటే బట్టలు. ‘దంచింది’ అంటే కారం. ‘వడ్డించింది’ అన్నప్పుడు కలం పైకెత్తి నా మొహంలోకి చూశాడు. “అన్నం వడ్డిస్తారు కదమ్మా” అన్నాడు.

అవును. అన్నమే వడ్డిస్తారు.

పక్కింటి వదిన గోడ మీంచి విని, తన వంతుగా ‘ఈపు సాపు చేసుడు’, ‘గుద్దుడు’ రాయించింది. నేను మొట్టికాయ, లెంపకాయ, జెల్లకాయ చెప్పాను. “ఇవన్నీ కాయలా?” అన్నాడు. కాయలే. పెట్టేది అమ్మ, తినేది పిల్లాడు. దెబ్బలు తిన్నాడు అంటాం కదా మనం. కొడుకు పళ్లెంలో అన్నం పెట్టే నోటితోనే “మొట్టికాయ పెడతాను” అంటాం.

రాత్రి వాడు పడుకున్నాక ఆ పుస్తకం తెరిచి చూసుకున్నాను. వంకర టింకర అక్షరాలతో నా ఇల్లంతా అందులో ఉంది. రోకలి ఉంది, ఉతికే బండ ఉంది, వడ్డించే గరిటె ఉంది. ‘పచ్చడి చేసింది’ దగ్గర రోలు, పొత్రమూ ఉన్నాయి. ఆడదాని చేతికి పొద్దుణ్ణుంచి రాత్రిదాకా ఉండే పనులు వరసగా రాస్తే ఏ మాటలు వస్తాయో, పిల్లాణ్ణి కొట్టడానికీ అవే మాటలు.

మాటలు పనిలోంచే పుడతాయి. భద్రిరాజు కృష్ణమూర్తిగారు రైతుల నోటి మాటలన్నీ ఊరూరా పోగుచేయించి 1962లో వ్యవసాయ పదాల మాండలిక వృత్తిపదకోశం వెలువరించింది ఆ సంపద మీద గౌరవంతోనే. నా బాధ అది కాదు. పని మాటని కొట్టడానికి తెచ్చుకున్నప్పుడు దాని వెంట ఇంకేదో కూడా వస్తుంది. బట్ట ఉతికితే మురికి పోతుంది. వడ్లు దంచితే పొట్టు పోతుంది. ఆ పనులు మంచికే చేస్తాం, చేశాక ఫలితం కళ్లకు కనబడుతుంది. “వాణ్ణి ఉతికేశాను” అన్నప్పుడు, వాడిలోనూ ఏదో మురికి ఉందనీ, నా చేత్తో అది వదిలిందనీ నాకు నేనే చెప్పుకుంటున్నాను. ఎందుకు కొట్టావని ఇక ఎవరూ అడగనక్కర్లేదు. జవాబు ఆ మాటలోనే ఉంది.

ఇది మన తెలుగు ఒక్కదాని సంగతే అనుకున్నాను. మర్నాడు ఎదురింటి దీదీకి ఆ పుస్తకం కథ చెబితే, ఆవిడ కాసేపు ఆలోచించి హిందీలో తమ మాటలు వేళ్లు మడిచి లెక్కపెట్టింది. కూట్‌నా అంటే దంచడం, అదే కొట్టడం కూడా. ధోనా అంటే ఉతకడం, అదీ కొట్టడమే. బజానా అంటే వాయించడం. కుటాయి, ధులాయి, ఠుకాయి... చెబుతూ చెబుతూ దీదీ ఆగిపోయింది. “మా అమ్మ నన్ను ఎప్పుడూ కొట్టలేదు, కుటాయి మాత్రమే చేసేది” అంది మెల్లగా. ఇద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

‘కొట్టు’ అన్న మాట మీద నాకే కోపమూ లేదు. మా వారిది కిరాణా కొట్టు, దాని మీదే మా బతుకు. చప్పట్లు కొడతాం, కొబ్బరికాయ కొడతాం, సైకిలుకి గాలి కొడతాం, చదువుకునే రోజుల్లో కాపీ కొట్టినవాళ్లూ ఉంటారు. మనిషి బతికున్నాడా లేదా అని చూసేది గుండె కొట్టుకుంటోందా అనే కదా. తమిళంలోనూ డోలు కొట్టడానికి ఇదే మాట ఉందని విన్నప్పుడు సంతోషమేసింది, ఎంత పాతదో చూడండి. దాచుకునేది ఏమీ లేని మాట అది. ఎవరు, ఎవరిని, అన్న రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పనిదే అది వాక్యంలో నిలబడదు.

అందుకే కాబోలు దాన్ని మనం ఎంచి ఎంచి వాడతాం. పోయిన ఏడాది మా చెల్లెలి కొడుకుని బడిలో ఒక మాస్టారు స్కేలుతో కొట్టాడు. మా చెల్లెలు అగ్గి మీద గుగ్గిలమైంది. బడికి వెళ్లి నిలదీసింది, నాకు ఫోన్ చేసి ఏడ్చింది. “నా కొడుకుని కొట్టేడే అక్కా!” అంది. ‘పీకేడు’ అనలేదు, ‘తగిలించేడు’ అనలేదు. దాని మాట నూటికి నూరుపాళ్లు న్యాయం. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో పిల్లల ఒంటి మీద చెయ్యి వేయడాన్ని నిషేధించింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అది తెలిసే వెళ్లింది. అదే చెల్లెలు, అదే పిల్లాడు, ఇంట్లో మాత్రం ‘రెండు పీకేను’.

మూడో మాట ఇంకొకటుంది. అది మొగుడికి. మొగుడు కొట్టాడని మన పెద్దవాళ్ల నోట ఎప్పుడైనా విన్నారా? “చెయ్యి చేసుకున్నాడు” అంటారు. “ఏదో కోపంలో చెయ్యి చేసుకున్నాడమ్మా, దానికింత రాద్ధాంతమా” అంటారు. ఆ వాక్యంలో దెబ్బ తిన్న మనిషి ఎక్కడుందో వెతకండి. ఆయన ఉన్నాడు, ఆయన చెయ్యి ఉంది, ఆయన కోపం ఉంది.

మాస్టారు కొట్టాడు, మొగుడు చెయ్యి చేసుకున్నాడు, నేను రెండు తగిలించాను. చెయ్యి మారితే మాట మారిపోతోంది. ఏ చేతికి ఏ మాట ఇచ్చామో చూస్తే చాలు, మనం ఎవరి పక్కన నిలబడ్డామో తెలిసిపోతుంది.

మీకు మా చింతపండు సంగతి చెప్పాలి, ఎందుకంటే నాకు అసలు విషయం అర్థమైంది అక్కడే. చలి తగ్గి ఎండ ముదిరే రోజుల్లో బస్తర్ అంతటా చింతపండు పని ఉంటుంది. గింజతో ఉన్నదానికి ఒక ధర, గింజ తీసిన దానికి మరో ధర. గింజ తీసిన పండుని ఇక్కడ ఫూల్ ఇమ్లీ అంటారు. ఆ గింజ తీసే పని ఎక్కువగా ఆడవాళ్లదే. పైపెంకు వలిచి, పండుని రాతి మీద పెట్టి, చిన్న కర్రతోనో ఇనుప కడ్డీతోనో కొడతారు. గట్టిగా కొడితే పిక్క పగిలి పండులో ముక్కలు కలుస్తాయి. మెత్తగా కొడితే పిక్క ఊడదు. ఎంత బలంతో కొట్టాలో చేతికి తెలియాలి. మా వారి కొట్టుకి కావలసిన పండు కోసం ఏటా నలుగురైదుగురు ఆడవాళ్లం మా పెరట్లోనే కూర్చుంటాం. పాటలు, వేళాకోళాలు, కబుర్లు.

మొన్నటి సీజన్లో ఒకావిడ, మన తెలుగావిడే, కుడిచేతి మణికట్టు పైన నల్లగా కమిలిన మచ్చతో వచ్చింది. కర్ర పట్టుకోలేకపోతోంది. ఏమైందే అంటే “గుమ్మం తగిలింది” అంది. ఎవరూ ఇంకేం అడగలేదు. రెండు రోజుల తర్వాత వాళ్లాయన మా కొట్టుకి వచ్చి, మా వారితో ఏదో మాట సందర్భంలో, నవ్వుతూనే, “మొన్న మా దానికి ఒకటి తగిలించాను లెండి” అన్నాడట. మా వారు ఇంటికొచ్చి చెప్పి తలపట్టుకున్నారు.

‘తగిలింది’ అన్నది ఆవిడ. ‘తగిలించాను’ అన్నాడు ఆయన. తేడా చూశారా? ఒకే మాట. ఆయన నోట్లో దానికి చేసినవాడున్నాడు, దర్జాగా మొదటి మనిషి. ఆవిడ నోట్లోకి వచ్చేసరికి ఆ మనిషి మాయమైపోయి గుమ్మం వచ్చి నిలబడింది. చెప్పుకోగలిగిన ధైర్యం కొట్టినవాడికి ఉంది, కొట్టించుకున్నదానికి లేదు. మొగుడు కొట్టినందుకు కాదు గానీ తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత ఉంది మనకి. చిన్నప్పుడు విని నవ్వేదాన్ని. ఆవిడ మణికట్టు చూశాక నాకు నవ్వు రావడం లేదు. నిజమే, మేం నవ్వుతామనే ఆవిడ గుమ్మం అని చెప్పింది. ఆ పెరట్లో తోడికోడళ్లం మేమే.

తర్వాత నేనూ వదినా వాళ్లింటికి వెళ్లి కూర్చుని చాలాసేపు మాట్లాడాం. ఏం మాట్లాడామో ఆవిడ సొంత విషయం, ఇక్కడ రాయను. గృహహింస చట్టం 2006 అక్టోబరు నుంచి అమల్లో ఉందనీ, 181కి ఫోన్ చేస్తే వినేవాళ్లుంటారనీ చెప్పాం. ఆవిడకు ఆ నంబరు తెలుసు. తెలియనిదల్లా “కొట్టాడు” అని నోరు తెరిచి అనడం. మొదటిసారి అన్నప్పుడు ఆ మూడక్షరాలు బయటికి రావడానికి ఆవిడ పడ్డ కష్టం నేను మరచిపోలేను.

ఇది ఒక ఇంటి కథ అని తోసెయ్యలేను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆడవాళ్లని ఒక ప్రశ్న అడిగారు. చెప్పకుండా బయటికి వెళ్లడం, ఎదురు మాట్లాడటం, వంట సరిగ్గా చేయకపోవడం, అత్తమామల్ని గౌరవించకపోవడం లాంటి ఏడు కారణాలు చెప్పి, వీటిలో ఏ ఒక్కదానికైనా భర్త భార్యని కొట్టడం సబబేనా అని. తెలంగాణలో 83.8 శాతం మంది ఆడవాళ్లు సబబే అన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం. అంకెల్లో రెండు రాష్ట్రాలూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. కొట్లాట అనేవాళ్లూ, దెబ్బలాట అనేవాళ్లూ, ఈ ఒక్క విషయంలో మాత్రం ఏకమయ్యారు. చిన్నప్పట్నుంచీ ‘ఇచ్చాడు, పెట్టాడు, వడ్డించాడు’ అని వింటూ పెరిగిన మనసుకి, అది అందుకోవలసిందే అనిపించడంలో వింతేముంది? కారణాలన్నీ ఒక్క మాటలోనే ఉన్నాయని నేననడం లేదు. డబ్బుంది, పుట్టింటి వాకిలి మూసుకుపోవడం ఉంది, చాలా ఉన్నాయి. కానీ మాట రోజూ మన నోట్లో ఉంటుంది, మనం మార్చుకోగలిగింది అదొక్కటైనా ఉంది.

పిల్లల సంగతి చూస్తే కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో చేయించిన ఒక అధ్యయనం 2007లో వెలువడింది, ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. ఇళ్లలో దెబ్బలు తిన్న పిల్లల్లో 88.6 శాతం మందిని కొట్టింది తల్లిదండ్రులే. స్వీడన్‌లో 1979లోనే ఇంట్లో కూడా పిల్లల్ని కొట్టకూడదని చట్టం చేశారు. మన విద్యాహక్కు చట్టం బడి గేటు దగ్గరే ఆగిపోయింది.

పేపర్లవాళ్లతో కూడా నాకు ఒక పేచీ ఉంది. గుంపుగా చేరి ఒక మనిషిని చావగొడితే ‘దేహశుద్ధి’ అని శీర్షిక పెడతారు. లేకపోతే ‘బడితెపూజ’. శుద్ధి, పూజ! స్నానం చేయించినట్టూ, హారతి ఇచ్చినట్టూ. తప్పు చేసినవాడైతే మాత్రం, నలుగురు కలిసి కొట్టడం పూజ ఎలా అవుతుంది? మా రాష్ట్రంలో టోనహీ, అంటే మంత్రగత్తె, అని పేరుపెట్టి ఆడవాళ్లని కొట్టే దురాచారం మాన్పించడానికి 2005లో ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. మన వైపు చేతబడి చేసిందనీ, బాణామతి చేసిందనీ అంటారు. అక్కడ కొట్టేవాళ్లు కూడా తాము ఊరికి పట్టిన పీడ వదిలిస్తున్నామనే అనుకుంటారు. ఉతికితే మురికి పోతుందనుకునే నా మాటకీ, ఆ నమ్మకానికీ మధ్య దూరం ఎంతుందో తలుచుకుంటే భయం వేస్తుంది. శీర్షికలు రాసే అన్నయ్యలూ అక్కయ్యలూ, దయచేసి ‘కొట్టారు’ అని రాయండి.

ఇంత చెప్పాక ఈ మాటలన్నీ నిషేధించమంటున్నానని అనుకోకండి. “వీపు విమానం మోత మోగుతుందిరోయ్” అని మా అమ్మ అరిచినప్పుడు మేం ముగ్గురం పిల్లలం పకపకా నవ్వుతూ పరిగెత్తేవాళ్లం. ఆ మోత ఒక్కనాడూ మోగలేదు. “ఒక్కటిచ్చానంటే!” అని మా వదిన చెయ్యెత్తితే అది ముద్దు. ‘ఇస్తా, పీకుతా, వాయిస్తా’ అన్నంతసేపూ అవి ఆటలో మాటలే, మన భాషకి అందమే. ‘ఇచ్చా, పీకా, వాయించా’ అన్నప్పుడే ఎవరి ఒంటిమీదో వాత తేలి ఉంటుంది. నేను పట్టుకున్నది ఆ రెండోదాన్ని.

ఇక నా సంగతి. ఇది చెప్పకుండా ముగిస్తే మీకు అన్యాయం చేసినదాన్నవుతాను.

పోయిన వానాకాలం మా చిన్నోడు చెప్పాపెట్టకుండా స్నేహితులతో వాగు దగ్గరికి పోయాడు. పైన వాన, వాగు ఎర్రగా పొంగి పారుతోంది. రెండు గంటలు వెతికాం. దొరికాడు. తడిసి ముద్దై, చేతిలో రెండు పీతలు పట్టుకుని, నాకు చూపిద్దామని నవ్వుతూ వచ్చాడు. నా కాళ్లలో వణుకు ఇంకా తగ్గలేదు. పెరట్లో చింతచెట్టు నుంచి బరికె విరిచాను. మన ఊళ్లలో బళ్లు నడిచిన బరికె అదే కదా, చిన్నప్పుడు నా చేతుల మీద కూడా ఆడింది. వాడి పిక్కల మీద కొట్టాను. పీతలు చేతిలోంచి జారి గట్టు కిందకి పోయాయి.

ఆ రాత్రి మా అమ్మకి ఫోన్ చేసి “నాలుగు తగిలించానమ్మా” అన్నాను. “పోన్లే, భయమున్నా ఉండాలి” అంది అమ్మ. ఇద్దరం వేరే కబుర్లలో పడ్డాం.

మొన్న ఆదివారం నోటుపుస్తకం నిండుతూ ఉండగా వాడు అడిగాడు. “నన్ను కొట్టినప్పుడు అమ్మమ్మకి ఏమని చెప్పావు?” అని.

అబద్ధం చెప్పడానికి మనసు రాలేదు. “నాలుగు తగిలించానని చెప్పాను” అన్నాను.

వాడు కోప్పడలేదు. లెక్కల పుస్తకంలో తప్పు దిద్దుతున్నట్టు, చాలా మామూలుగా, “నాలుగు కాదమ్మా, తొమ్మిది” అన్నాడు.

నేను లెక్కపెట్టలేదు. వాడు లెక్కపెట్టుకున్నాడు. ఎనిమిది నెలలుగా ఆ అంకె వాడి దగ్గర ఉంది. ఒకటిచ్చాను, రెండు పీకాను, నాలుగు వడ్డించాను అంటాం కదా మనం. ఎప్పుడైనా ఏడు అన్నామా? తొమ్మిది అన్నామా? మన దగ్గర ఉన్నవి ఆ మూడు అంకెలే. అసలు లెక్క ఎప్పుడూ తిన్నవాళ్ల దగ్గరే ఉంటుంది.

“తొమ్మిది సార్లు కొట్టాను” అన్నాను వాడితో. “కొట్టకూడదు. నాకు భయమేసింది, ఆ భయం నీ మీద చూపించాను.” వాడు తలూపి, పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. ఏం రాశావని నేను అడగలేదు. ఆ పేజీ తెరిచి చూడలేదు కూడా. తర్వాత “పీతలు ఎటు పోయుంటాయి?” అని అడిగాడు. వాగుకే పోయుంటాయన్నాను.

నిన్న రాత్రి పదింటికి చెల్లెలు మళ్లీ ఫోన్ చేసింది. గొంతు బరువుగా ఉంది.

“అక్కా, ఇవాళ వాణ్ణి కొట్టేనే” అంది.

నేను ఊరుకుని వింటున్నాను.

“రెండు... కాదు. మూడు. వీపు మీద.” కాసేపు ఊపిరి తీసుకుంది. “నువ్వు నవ్వుతావనుకున్నానే.”

“వాడేం చేస్తున్నాడు?” అన్నాను.

“పడుకోలేదు. గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నాడు.”

“అయితే ఫోన్ పెట్టెయ్యి. వాడి దగ్గరికి వెళ్లు.”

పెట్టెయ్యడం మరచిపోయినట్టుంది. ఫోన్ మంచం మీద పడిన చప్పుడు వినిపించింది, తర్వాత దాని అడుగులు, తర్వాత “ఏటి నాన్నా, నొప్పిగా ఉందా?” అన్న మాట. వాడేమన్నాడో నాకు వినబడలేదు.